బేత్లెహేములో మా ఆఫీసు

రెవెన్యూలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. పాత భూముల పహాణీల గురించో, శాఖాపరమైన పరీక్షల గురించో అడగడానికి వచ్చి, చాయ్ తాగుతూ ఫోన్ తీసి చూపిస్తారు. మా ఆఫీసు మీద ఎవడో ఇట్లా రాశాడు, ఇట్లా వీడియో పెట్టాడు, వీడి మీద కేసు పెట్టొచ్చా సార్ అని అడుగుతారు. రక్తం వేడిగా ఉన్న వయసు, పైగా కొత్త కుర్చీ. పెట్టొచ్చనీ వద్దనీ నేను చెప్పను. నన్ను పట్టుకుపోయి బేత్లెహేములో కూర్చోబెట్టిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను. విన్నాక వాళ్లిష్టం. మీరూ వినండి.

రిటైరయ్యేనాటికి నేను నాయబ్ తహసీల్దార్‌ని. చేవెళ్లలో చేశాను, మొయినాబాద్‌లో చేశాను, చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగాను. ఇది వాటిలో ఎక్కడ జరిగిందో మాత్రం అడగొద్దు. చెప్తే ఇప్పుడా ఆఫీసులో ఉన్నవాళ్లు అనవసరంగా నా మీద మొహం మాడ్చుకుంటారు. అయినా ఏ మండలమైతే ఏముంది, పని ఒక్కటే. మనం మెహదీపట్నం బస్సు దిగేసరికే కిటికీ దగ్గర జనం ఉంటారు. కులం, ఆదాయం, నివాసం. మీసేవలో పెట్టుకున్న అర్జీ మా దగ్గరికి వస్తుంది, గిర్దావర్ ఊరికి పోయి విచారణ చేస్తాడు, నేను చూస్తాను, మేడమ్ సంతకం పెడుతుంది. చెప్పడానికి ఇంతే. తిరిగేవాళ్లకే తెలుస్తుంది ఈ ఇంతలో ఎంత ఉందో.

మేడమ్ అంటే మా తహసీల్దార్. నా కూతురి వయసు. పరీక్ష రాసి నేరుగా పెద్ద కుర్చీలోకి వచ్చిన మనిషి. పనిమంతురాలు, ఒకరి దగ్గర చెయ్యి చాపే రకం కాదు. ఆమెకున్న ఒకే ఒక బలహీనత పైనుంచి వచ్చే ఫోన్. డివిజన్ ఆఫీసు నంబరు కనపడితే చాలు, కూర్చున్నచోట కూర్చోలేకపోయేది.

ఇంకొకడు మా కంప్యూటర్ ఆపరేటర్. వాళ్లది గోదావరి వైపు. అమ్మానాన్నలు ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో అన్న, వదిన, అక్క, బావ అంతా సాఫ్ట్‌వేర్. వీడొక్కడు దారి తప్పి కాంట్రాక్టు మీద మా దగ్గర చిక్కుకున్నాడు. మంచి పిల్లగాడే. "ఆయ్, అలాగేనండి" అంటాడు, అన్నట్టే చేస్తాడు. ఫోన్ చేతిలో ఉంటే మాత్రం వాడికి ఒళ్లు తెలియదు.

నేను రిటైరయ్యే ముందటి క్రిస్మస్ నాడు మధ్యాహ్నం అన్నం తిని అట్లా వాలానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి, నీళ్లు తాగి మళ్లీ నవ్వుతోంది. ఏమిటా అని లేచిపోతే ఫోన్ నా చేతిలో పెట్టింది. మా మండలంలోనే ఒక ఊళ్లో పాత చర్చి ఉంది. తాతల కాలం నుంచీ క్రైస్తవ కుటుంబాలున్న ఊరు. ఏటా పండుగకు పిల్లలు యేసు పుట్టుక నాటకం వేస్తారు. అక్కడ పనిచేసే టీచరమ్మ ఒకామె మా ఆవిడకు స్నేహితురాలు, ఆమె పంపింది.

బేత్లెహేములో జనాభా లెక్కల ఆఫీసు. మేజా వెనకాల గుమస్తా. బొగ్గుతో గీసిన మీసం, నుదుటి మీదికి తోసిన కళ్లద్దాలు. ఎదురుగా యోసేపు, పక్కన నిండు గర్భిణి మరియ. పేర్లు రాయించుకోవడానికి వచ్చారు. గుమస్తా వాళ్లను చూడడు. నుదుటి మీదున్న కళ్లద్దాల కోసం మేజా అంతా తడుముతాడు. అవి దొరికాక, యోసేపు ఇచ్చిన కాగితాన్ని దొంగనోటును చూసినట్టు వెలుతురుకు ఎత్తి చూస్తాడు. "నజరేతుల ఉన్నట్టు సర్టిఫికెట్ ఏది? జిరాక్స్ కాదు, అసలుది. గాడిద మీద వచ్చిండ్రా? గాడిద ఎవరి పేరు మీదున్నది?" అంటాడు. మరియ నడుం పట్టుకుంటుంది. నొప్పులు వస్తున్నాయి, జర తొందరగా చూడండి సారూ అని యోసేపు బతిమాలతాడు. గుమస్తా తలెత్తకుండానే, "మంచిదే గదా. పుట్టినంక దానికి వేరే అర్జీ పెట్టుకోండ్రి. ఇప్పుడైతే సర్వర్ లేదు" అంటాడు.

అంతలో ఒంటెల మీద రావలసిన జ్ఞానులు ముగ్గురు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ వస్తారు. వాళ్లు వచ్చింది తూర్పుదేశం నుంచి కాదు, ఫామ్‌హౌస్ నుంచి. గుమస్తా దిగ్గున లేచి, అంతసేపూ మరియకు ఇవ్వని కుర్చీని తువ్వాలుతో తుడిచి వేస్తాడు. చాయ్ చెప్పమంటారా సార్ అని వంగి అడుగుతాడు. చర్చి మొత్తం పడీపడీ నవ్వుతోంది.

"గిది మీరే గదా" అంది మా ఆవిడ.

కాదని ఎట్లా అనను? కళ్లద్దాలు నావి, తడుముకోవడం నాది, కాగితం ఎత్తి చూడటం నాది. చూస్తూ చూస్తూ నేనూ నవ్వాను. నిజంగా నేను అట్లాగే చేస్తానా అని అడిగితే, ఇంట్లో కూడా అట్లాగే చేస్తారని చెప్పి ఆమె మళ్లీ నవ్వింది. ఆ కుర్చీ దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. మా ఆఫీసులో జనానికి ఒక్క కుర్చీ లేదు. నా మేజా ఎదుట ఉన్న ఒక్కటీ ఎవరి కోసం ఉంటుందో అందరికీ తెలుసు.

మీసం వెనకాల ఉన్నది ఆడపిల్ల అని రెండోసారి చూసినప్పుడు గుర్తుపట్టాను. తండ్రి లేడు, తల్లి గులాబీ తోటల్లో కూలికి పోతుంది. పిల్ల డిగ్రీ చదివి, పొద్దున్నే రోడ్ల మీద పరుగెత్తి, కానిస్టేబుల్ పరీక్ష పాసైంది. దానికి కావలసిన సర్టిఫికెట్ల కోసం ఆ వానాకాలమంతా మా కిటికీ దగ్గరే ఉండేది. ఓసారి గిర్దావర్ లేడు, ఓసారి మేడమ్ లేదు, ఓసారి కరెంటు లేదు. నిలబడ్డంతసేపూ నన్నే చూస్తుండేది. పాపం అమాయకురాలు అనుకునేవాణ్ని. ఇంత శ్రద్ధగా నేర్చుకుంటోందని నాకేం తెలుసు? కాగితాలు ఇచ్చేశాక ఆమె ఎంపికైందని తెలిసింది. పోలీసులు ఊళ్లో విచారించి, కేసులేమీ లేవని రాస్తే ట్రైనింగుకు పోవడమే మిగిలింది.

ఇంతవరకూ నవ్వులాటే. దాన్ని కేసు దాకా తీసుకుపోయింది మేమే.

మా స్టాఫుకు ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. పుట్టినరోజు శుభాకాంక్షలకూ, జోకులకూ. డివిజన్‌ది ఇంకొకటి. అందులో పెద్ద అధికారులంతా ఉంటారు, సర్క్యులర్లు తప్ప ఏమీ రావు. మా ఆపరేటర్‌కు కూడా ఆ వీడియో ఎవరో పంపారు. నన్ను గుర్తుపట్టి మురిసిపోయాడు. స్టాఫు గ్రూపు అనుకుని డివిజన్ గ్రూపులో వేశాడు. దాని కింద నవ్వి నవ్వి కన్నీళ్లు కారుస్తున్న బొమ్మల్ని వరసగా గుప్పించాడు. నిమిషానికల్లా తప్పు తెలిసింది. కంగారులో డిలీట్ నొక్కాడు. కానీ అందరి ఫోన్లలోంచి పోయేది నొక్కకుండా, తన ఫోన్లోంచి మాత్రమే పోయేది నొక్కాడు. వీడికి కనపడటం మానేసింది, హమ్మయ్య అనుకుని బిర్యానీ తిన్నాడు. మిగతా లోకమంతా చూస్తూనే ఉంది.

సాయంత్రానికి సంగతి తెలిసి ఏడుస్తూ మేడమ్‌కు ఫోన్ చేశాడు. పెద్దవాళ్లున్న గ్రూపులో నవ్వే బొమ్మలు పెట్టిన కాంట్రాక్టు పిల్లగాణ్ని మర్నాడే ఇంటికి పంపేవాళ్లు. ఆమెకు జాలేసింది. వాణ్ని కాపాడాలని, ఆ వీడియో కిందే తన ఫోన్ నుంచి ఒక మాట రాసింది. ప్రభుత్వ కార్యాలయాన్ని కించపరిచే పై వీడియోను తమ దృష్టికి తెస్తున్నాము, తగిన చర్య తీసుకుంటున్నాము అని. అంటే పొరపాటున పడింది కాదు, మేమే ఫిర్యాదుగా పెట్టామన్నమాట. పైన కన్నీళ్లు కారేలా నవ్వే బొమ్మలు, కింద గంభీరంగా తగిన చర్య. ఇట్లాంటి ఆలోచన సర్కారు ఆఫీసులో పనిచేసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాదు.

పైవాళ్లు దానికి బొటనవేలు బొమ్మ పెట్టారు. అయిపోయిందనుకున్నాం. పండుగ సెలవులు అయ్యాక అడిగారు, ఏం చర్య తీసుకున్నారో నివేదిక పంపమని.

అప్పుడు మొదలైంది మేడమ్‌కు గాభరా. చర్య అని రాశాక ఏదో ఒకటి చూపించాలి. రెండు దార్లు ఆలోచించింది. ఆ అమ్మాయిని పిలిపించి, నాటకమంతా అబద్ధం, క్షమించండి అని వీడియో తీయించి గ్రూపులో పెట్టడం ఒకటి. ఆమె ఒప్పుకోకపోతే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడం రెండోది. అవమానం జరిగింది నాకు కాబట్టి ఫిర్యాదు మీద సంతకం నాది కావాలి. నేను వచ్చే ఎండాకాలంలో రిటైర్ కావలసినవాణ్ని. నా పింఛను కాగితాలు ఆమె మేజా మీదే ఉన్నాయి. ఆమె ఆ మాట అనలేదు, అనే మనిషి కూడా కాదు, కానీ నాకు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? ఆలోచించి చెప్తానన్నాను.

కొత్త సంవత్సరం మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే ఆ పిల్లనూ తల్లినీ పిలిపించారు. ఎస్సైని కూడా రమ్మన్నారు. మేడమ్ గదిలో ఎస్సై కూర్చున్నాడు, నేను కూర్చున్నాను. తల్లీకూతుళ్లు నిలబడ్డారు. ఆపరేటర్ గోడకు ఆనుకుని, వీడియో తీయడానికి ఫోన్ పట్టుకుని ఉన్నాడు. వాడి మొహం చూస్తే, తీయబోయేది వాడి మీదేనేమో అన్నట్టుంది. చదవవలసిన క్షమాపణ కూడా వాడే టైపు చేసి తెచ్చాడు.

మేడమ్ ముందుగా ఎస్సైని అడిగింది, ఇది కేసు అవుతుందా అని. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, ఇట్లాంటివి కోర్టులో నిలబడవని, కేసు ఎందుకు కట్టారని మళ్లీ తమనే తిడతారని నెమ్మదిగా చెప్పాడు. "నిలబడది మేడమ్. కానీ మీరు కాయితమిచ్చి గట్టిగ అడిగితే ఎఫ్ఐఆర్ నంబరైతే పడ్తది. నంబరు పడ్డదంటే ఈ పిల్ల వెరిఫికేషన్ ఆడనే ఆగుతది. కోర్టు కొట్టేసేటాల్లకు ఈ బ్యాచ్ ట్రైనింగ్ అయిపోతది. మీ ఇష్టం ఇగ" అన్నాడు.

ఆ మాట వినగానే తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. అమ్మాయి క్షమాపణ కాగితం తీసుకుని మనసులో చివరిదాకా చదివింది. మళ్లీ మేజా మీద పెట్టింది.

"సార్‌ను ఎక్కిరించిన మేడమ్. గందుకు సార్‌ను మాఫీ అడుగుత, ఇప్పుడే అడుగుత. కానీ గిండ్ల, నాటకమంత అబద్ధమని రాసిండ్రు. నేను ఈ కిటికీ కాడ ఎన్నిసార్లు నిలబడ్డనో సార్‌కు ఎరుకే. అబద్ధమని ఎట్ల చదువుత?"

 తల్లి ఏడుపు మొదలుపెట్టింది. నాలుగు మాటలు చదివితే నీ సొమ్మేం పోతుంది బిడ్డా, నౌకరి కన్నా ఎక్కువనా అని కూతుర్ని కోప్పడింది. తర్వాత నా వైపు తిరిగి, "సారూ, దాని నౌకరి పోతది. జర మీరన్న చెప్పుండ్రి" అంది.

మేడమ్ ముందే టైపు చేయించి ఉంచిన ఫిర్యాదును నా ముందుకు జరిపి, తల్లీకూతుళ్లకు వినపడకుండా నా వైపు వంగింది. సంతకం పెట్టండి సార్, ఇది ఉందని తెలిస్తే ఆ అమ్మాయే చదువుతుంది, దీన్ని బయటికి పోనివ్వను అంది. నిజంగానే పోనిచ్చేది కాదేమో. కానీ సంతకం పడ్డ కాగితం మనం చెప్పినచోట ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? కళ్లద్దాల కోసం మేజా తడిమాను. ఎవరూ నవ్వలేదు, ఆ పిల్ల అయితే తల దించుకుంది. నుదుటి మీద దొరికాయి. చదివాను. సదరు వీడియోలో చూపబడిన, ప్రజలను నిలబెట్టి ధనవంతులకు కుర్చీ వేసే గుమస్తాను నేనే అని మనవి చేసుకుంటున్నాను, ఇట్లా ఉంది. రాసినవాడు మా ఆపరేటరే. పాపం, నిజాయితీగా రాశాడు.

"మేడమ్, గిది చదివిండ్రా? దీనికింద సంతకం పెడితే మరియమ్మను నిలబెట్టింది నేనే అని సర్కారుకు రాసిచ్చినట్టు" అన్నాను.

ఎస్సై నవ్వును చాయ్‌తో పాటు మింగాడు. మేడమ్ నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అది చూసి నాకు కష్టమనిపించింది. ఆపరేటర్ వైపు చెయ్యి చూపించింది. "అయితే వీణ్నేం చేయమంటారు సార్? నేను ఆ మాట రాయకపోతే మర్నాడే తీసేసేవాళ్లు. ఇప్పుడు ఏ చర్యా లేదంటే వీడి సంగతి మళ్లీ బయటికొస్తుంది" అంది.

అప్పటిదాకా గోడకు అతుక్కుని ఉన్న ఆపరేటర్ ఫోన్ కిందికి దించాడు. "నా ఉద్యోగం కోసం ఆవిడ ఉద్యోగం తీయొద్దండి మేడమ్. నాకు ఇంకోటి దొరుకుద్దండి. ఆవిడ అంతకాలం పరిగెత్తి తెచ్చుకుందండి" అన్నాడు. వాడి నోటివెంట అంత పెద్ద మాట నేను అంతకుముందు వినలేదు. 

"ఎవల నౌకరీ పోవద్దు మేడమ్" అన్నాను. "చర్య తీసుకుంటమని రాసినం, తీసుకుందాం. ఈ పిల్ల ఏం చూపించింది? మన కాడ కూసునే జాగ లేదని చూపించింది. బల్లలు ఏయిద్దాం. గర్భిణులు, ముసలోళ్లు వస్తే ముందుగాల చూద్దాం. గదే రాసి పంపుదాం. సర్కారు ఆఫీసును చూసి జనం నవ్వుతరు మేడమ్, అది వాళ్ల హక్కు. నవ్విండ్రని ఒకల తిండి తీసే హక్కు మనకు లేదు. నేనైతే సంతకం పెట్ట."

 మేడమ్ ఫోన్ వంక చూసింది. అది మోగుతుందేమోనని మేమంతా చూశాం. మోగలేదు. చివరికి ఆ అమ్మాయి వైపు తిరిగి, "మరి ఆ నాటకంలో నేనెక్కడున్నాను?" అని అడిగింది.

"మీరు లేరు మేడమ్. మేడమ్ మీటింగ్‌ల ఉన్నదని గుమస్తా చెప్తడు" అంది ఆ పిల్ల, భయపడుతూనే.

మేడమ్ నవ్వింది. ముందు ఆపుకోవాలని చూసింది, కాలేదు. ఎస్సై అయితే ఇంతసేపూ మింగిన నవ్వంతా బయటికి వదిలాడు. తల్లికి ఏం జరుగుతోందో అర్థం కాక, ఏడుపు ఆపి అందరి మొహాలూ చూసింది. కుర్చీలు తెప్పించి ఇద్దర్నీ కూర్చోబెట్టారు, చాయ్ కూడా వచ్చింది. ఫిర్యాదును మేడమే చించి చెత్తబుట్టలో వేసింది.

బయటికి వచ్చాక వరండాలో ఆ పిల్ల నా కాళ్లకు దండం పెట్టబోతే ఆపాను. మాఫీ చేయండి సార్ అంది. మాఫీ సంగతి సరే గానీ, నాకు మీసం లేదు కదమ్మా, ఉన్నదంతా బాగానే చూపించి ఆ ఒక్కటి ఎందుకు కల్పించావు అన్నాను. ఆడపిల్లనని తెలియకుండా పెట్టుకున్నదట.

వారం తిరిగేసరికి కిటికీ ముందు బల్లలు పడ్డాయి. నివేదికలో బల్లల గురించి రాశాం, వీడియో గురించి ఒక్క ముక్క రాయలేదు. పైవాళ్లు మళ్లీ బొటనవేలు బొమ్మ పెట్టారు. వాళ్లు చదివారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నా పింఛను కాగితాల మీద మేడమ్ ఒక్క కొర్రీ లేకుండా సంతకం పెట్టింది. నాకు తెలిసినంతవరకు అంత తొందరగా కాగితం కదలడం మా ఆఫీసులో అదే మొదలు. ఆపరేటర్‌ను ఎవరూ ఏమీ అనలేదు. వాడు మాత్రం డివిజన్ గ్రూపు పేరు కనపడితే ఫోన్ బోర్లా పెట్టేవాడు.

కొన్నాళ్లకు పోలీసు వెరిఫికేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. ఆ పిల్ల పేరు చెప్పి, ఊళ్లో అడిగామని, అంతా మంచిగనే చెప్పారని అన్నాడు. వీడియో సంగతి ఆయన చెవిన కూడా పడినట్టుంది. అడగాలా వద్దా అన్నట్టు కాసేపు నసిగి, మీ ఆఫీసుతో ఏదో లొల్లి అయిందట, కంప్లైంటు ఏమన్నా ఉన్నదా సార్ అని అడిగాడు.

ఉన్నదన్నాను. అవతల కాగితం తిప్పిన చప్పుడు వినపడింది.

"ఆమెకు మా మీద ఉన్నది. విచారణ చేసినం, నిజమే అని తేలింది. ఆమె మీద మాకేమీ లేదు. రాసుకో."

రాసుకున్నాడు. ఆ నెల చివర్లో పిల్ల ట్రైనింగుకు పోయింది.